దించమని చెప్పేవాడు

వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌గా నేను ఎక్కువసార్లు పలికిన మాట "దించు". ఎత్తమని చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. ఆ మాట చెప్పేవాళ్లు ఈ సీమలో ప్రతి అరుగు మీదా ఉన్నారు. తండ్రి చెబుతాడు, మేనమామ చెబుతాడు, ఎన్నడూ నీళ్ల బిందె ఎత్తనివాడు కూడా టీ అంగడి ముందు కూర్చుని చెబుతాడు. పిల్లల చేత సమయానికి బరువు దించించడానికే ప్రభుత్వం నాకు జీతం ఇస్తోందని నేను నమ్మాను. నా పైఅధికారుల్లో ఆ నమ్మకం ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

కర్నూలు, కడప వైపు కొత్తగా కోచ్‌లుగా చేరుతున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు ఇప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. బార్ ఎలా పట్టించాలో, నడుము ఎక్కడ నిలపాలో వాళ్లు ఫోన్లలో చూసి నాకంటే బాగా నేర్చుకున్నారు. అందులో నేను చెప్పగలిగింది లేదు. ఫోన్లలో దొరకనిది ఒకటుంది. అది రాస్తున్నాను. ఇందులో పతకాలు తక్కువ.

నిమ్మకాయ

సీజన్ అంటే పోటీల తేదీలని మీరు అనుకుంటారు. పిల్లల ఒంట్లో జరిగేదే సీజన్. ఎండాకాలం సెలవులకు పోయినవాళ్లు మా క్రీడల హాస్టల్‌కు సగం మనుషులై తిరిగి వస్తారు. బనగానపల్లె వైపు పిల్లలు మామిడితోటల్లో కాయలు మోసి, నాపరాళ్ల గనుల్లో బండలు మోసి వస్తారు. మొదట వాళ్లకు తిండి పెట్టాలి, నిద్ర పట్టించాలి. దసరా దగ్గరికి వచ్చేసరికి ఒంట్లో బలం పొంగుతుంది. కొండను ఎత్తమన్నా ఎత్తుతామంటారు. ఆ తర్వాత ఒకరోజు, ఏ కారణమూ కనిపించకుండా, నిన్న ఎత్తిన బరువు ఇవాళ నేల వదలదు. మీకు అసలు పని అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే ఇంటివాళ్లు కారణాన్ని ఒంట్లో తప్ప మిగతా లోకమంతా వెతుకుతారు.

ఓర్వకల్లు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అలాగే బరువులు పడిపోయాయి. వాళ్లమ్మ బస్సు దిగి నేరుగా ప్రాక్టీసు హాల్లోకి వచ్చి, బార్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

"మా పాపకు ఎవురి కన్నో తగిలుండాది సార్."

"కన్ను సంగతి తర్వాత చూద్దాం. పొద్దున ఏం తిన్నది?"

"ఈ పొద్దు శనివారం కదా, ఒక్కపొద్దు. గురువారం గుడక ఉంటాది. అది గెలవల్లని నేనే మొక్కుకున్న్యా."

"గెలవాలని మొక్కింది నువ్వు. పస్తుండేది అదా?"

"మీరు దేవుణ్ణి నమ్మరంట, మీకేం తెలుస్తాది?"

"నేను నమ్మను. ఆయనే ఎత్తేటట్టయితే ఆయన్నే ఎక్కించు తల్లీ. పిల్లను కూర్చోబెట్టి అన్నం పెట్టు."

అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. తల్లి నవ్వలేదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయిస్తే రక్తం చాలా తక్కువని తేలింది. మాత్రలు, గుడ్లు, ఒక్కపొద్దుల రద్దు. చలికాలం ముగిసేలోగా ఆ అమ్మాయి పాత బరువు దాటింది. తల్లి ఊరంతా నిమ్మకాయ మహిమ చెప్పుకుంది. చెప్పుకోనీ. పిల్ల తిన్నది.

నిమ్మకాయతో పోట్లాడటం సులువు. దాన్ని తెంపి పారేయవచ్చు. తెంపడానికి చేతికి దొరకని మూఢనమ్మకం ఒకటి ఈ నేలలో ఉంది. దాని పేరు పౌరుషం. దానికి గుడి లేదు, పూజారి లేడు, ఊరంతా భక్తులే. నొస్తోందని చెప్పుకోవడం దాని దృష్టిలో మహాపాపం. దానికి నేను ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకున్నాను.

ఓబులేసు

ఓబులేసు వాళ్లది కోయిలకుంట్ల దగ్గర చిన్న ఊరు. తండ్రి నాపరాళ్లు లారీకి ఎత్తే కూలి. సెలవుల్లో వీడూ తండ్రితో పోయేవాడు. పాలిష్ పట్టిన బండను ఒక్కడే అంచు మీద లేపి, తొడకు ఆనించి, నడుము వంచకుండా ఎత్తడం చూసి వాళ్ల ఊరి స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు నాకు కబురు పెట్టాడు. వెళ్లి చూశాను. అలాంటి నడుము కోచ్ జీవితంలో ఒకసారి దొరుకుతుంది. హాస్టల్‌కు తెచ్చుకున్నాను.

వాడు తక్కువ మాటల మనిషి. బరువు తప్పితే నవ్వేవాడు, ఎత్తితే సిగ్గుపడేవాడు. ఒకసారి బార్ మీద పడబోయి పక్కకు దూకినప్పుడు, "ఏంరా, భయమేసిందా?" అంటే, "నాకేం భయం సార్, బారే భయపడి కిందికి దూకింది" అన్నాడు. హాలంతా ఆ మాటను సీజన్ పొడుగునా వాడుకుంది.

వాళ్ల ఊళ్లో శేషన్న అని పెద్ద రైతు. బండలాగుడు పందేలకు ఎద్దులు మేపే మనిషి. మన జిల్లాల బయటివాళ్లు చదివితే అర్థం కావడానికి చెబుతున్నాను: ఒక జత ఎద్దులకు కాడి వేసి, వెనక పెద్ద రాతిబండ కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగాయో కొలుస్తారు. తిరునాళ్లకు, ఉగాదికి జనం విరగబడి చూస్తారు. శేషన్న ఎద్దులకు రెండు జిల్లాల్లో పేరుంది. ఓబులేసు జిల్లా పోటీలో గెలిచాక ఆయన కన్ను వాడి మీద పడింది. పాలు, గుడ్లు, బాదం పంపించడం మొదలుపెట్టాడు. నన్ను ఎద్దుల కొట్టానికి పిలిచి చూపించాడు.

ఆ కొట్టం మా హాస్టల్ కంటే శుభ్రంగా ఉంది. ఎద్దులకు ఉలవలు ఉడికిస్తున్నారు. దోమలు రాకుండా తెరలు, పైన ఫ్యాన్లు. శేషన్న ఒక్కో ఎద్దు నోరు తెరిచి చూపించాడు.

"ఇవి రెండుపండ్లవి, అవి నాలుగుపండ్లవి. పండ్లను బట్టే పందెం. మీ సబ్‌జూనియరు, జూనియరు అంటే ఇదే కదప్పా?"

"ఇంచుమించు ఇదే."

"మీకు సర్టిఫికెట్లుండాయి, మాకు పండ్లుండాయి. మా పండ్లే నయం, అబద్ధమాడవు."

నవ్వాను. నిజమే చెప్పాడు. ఆ మనిషి మీద నాకు ఇష్టం కలిగింది కూడా. ఒక మూల ఒంటరిగా కట్టేసిన తెల్ల ఎద్దును చూసి దానికేమైందని అడిగాను.

"గిట్ట కాడ రోంత వాపు. ఎద్దు కాలు ఎత్తి పెడితే సాలు, ఆ సీజనుకు ఇంగ దాన్ని కట్టను. దేవుడొచ్చి చెప్పినా కట్టను."

ఆ ఎద్దు మెడకు ఎర్రదారంతో దర్గా తాయెత్తు ఉంది. తర్వాతి వారం ఓబులేసు జబ్బకు అదే దారం, అదే తాయెత్తు కనిపించింది. తాయెత్తు సంగతి నేను పట్టించుకోలేదు. మోకాలు పట్టించుకున్నాను.

మోకాలు

చలికాలంలో రాష్ట్ర పోటీలు దగ్గరపడుతుండగా వాడు కూర్చుని లేవడంలో తేడా వచ్చింది. ఎడమ కాలి మీద బరువు వేయకుండా కుడి కాలితో లేస్తున్నాడు. చిప్ప కింద వాపు. అడిగితే ఏం లేదన్నాడు. రెండోసారి అడిగితే గచ్చు మీద జారాను అన్నాడు. ఎముకల డాక్టర్ చూసి, చిప్పను కాలి ఎముకకు పట్టి ఉంచే నరంలాంటి పట్టీ నలిగిందని, ఈ సీజన్ బరువు ఎత్తితే తెగవచ్చని చెప్పాడు. విశ్రాంతి అని రాశాడు.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి. నొప్పి శత్రువు కాదు, సాక్షి. మీ దగ్గరున్న సాక్షుల్లో లంచం తీసుకోనిది అదొక్కటే. దాని నోరు మూయించిన మరుక్షణం మీరు, మీ పిల్లవాడు ఇద్దరూ గుడ్డివాళ్లు.

పైఅధికారి దగ్గరికి పోయి ఓబులేసును జట్టులోంచి తీసేయమన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, సాయంత్రం పూట పిల్లలతో షటిల్ ఆడేవాడు.

"విశ్రాంతి అని డాక్టర్లు అందరికీ రాస్తారయ్యా. నాకూ రాశారు, నేను ఆఫీసుకు రావడం లేదా?"

"మీరు ఆఫీసులో బరువులెత్తరు సార్."

"నిన్ను ఎత్తుకుని తిరుగుతున్నాగా. ఆ శేషన్న హాల్‌కు కొత్త ప్లాట్‌ఫాం వేయిస్తానంటున్నాడు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే తీసేద్దాం, పో."

అలా బాధ్యత చేతులు మారింది. పైనున్నవాడికి నిజం చెప్పడం ఇష్టం లేనప్పుడు, తేల్చే పనిని నోరులేనివాడి మీదికి తోస్తాడు. మీకూ తోస్తాడు.

వాదన

వాళ్ల ఊరికి వెళ్లేసరికి ఎద్దుల కొట్టం ముందు జనం. ఓబులేసును పోటీకి సాగనంపడానికి డప్పులవాళ్లను పిలిపించారు. తండ్రి ఒక పక్కన నిలబడి ఉన్నాడు. కుర్చీ వేశారుగానీ ఆయన కూర్చోలేదు. ఓబులేసు తెల్ల ఎద్దు పక్కన దాని మెడ నిమురుతున్నాడు.

చిన్నప్పుడు కడపలో మా నాయన నన్ను సంస్కరణ సభలకు చేయి పట్టుకుని తీసుకుపోయేవాడు. బాబాలతో, జ్యోతిష్కులతో అక్కడ వాదనలు జరిగేవి. ఎదుటివాడి మాటతోనే ఎదుటివాణ్ణి కట్టేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ రోజు అదే చేశాను.

"శేషన్నా, ఈ ఎద్దును ఇంకా కట్టడం లేదా?"

"యాడ కట్టేది, వాపు పోల్యా."

"నొస్తోందని అది నీకు చెప్పిందా?"

"ఎద్దు చెప్తాదా సార్, మనమే సూసుకోవల్ల."

"మరి ఓబులేసు మోకాలు చూశావా?"

ఆయనకు దారి ఎటు పోతోందో అర్థమైంది. "ఎద్దుకూ పిల్లోనికీ పోలికేంది? ఎద్దుకు పౌరుషం ల్యా. వానికుండాది."

"అయితే పౌరుషం ఉన్నందుకు వాడికి శిక్ష, లేనందుకు ఎద్దుకు సెలవు. ఎద్దు పోతే మళ్లీ కొనాలి. పిల్లవాడు పోతే ఇంకో కూలివాడి కొడుకు వస్తాడు. అంతేనా?"

వెనక ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు. "ఏమప్పా శేషన్నా, సారు బండ నీ మెడకే కట్టినాడే" అన్నాడు. జనం నవ్వారు. శేషన్న భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

"మీరు సదువుకున్నోళ్లు, మాటల్లో గెలుస్తారు. ఎత్తేది వాడు కదా. వాన్నే అడుగుదాం. ఏం రా ఓబులేసూ, ఎత్తుతావా, ల్యాదా?"

ఊరంతా వాడి వైపు తిరిగింది. తండ్రి నేల చూస్తున్నాడు.

"ఎత్తుతా అన్నా."

డప్పు మోగింది. నేను తండ్రి దగ్గరికి పోయి, నువ్వు వద్దంటే ఆగిపోతుంది అన్నాను. "శేషన్న అనినాక ఇంగ మాదేముండాది సార్" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా.

అంతమంది ముందు అడగకుండా ఉండాల్సిందని, చాటుగా బతిమాలితే శేషన్న తగ్గేవాడని మిత్రులు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. చాటున బతిమాలుకోవలసిన న్యాయం న్యాయం కాదు. అయితే ఇంకో మాట చెబుతాను. నలుగురి ముందు ఏ పిల్లవాణ్ణీ "చేయగలవా" అని అడగనివ్వకండి. అది ప్రశ్న కాదు. దానికి ఈ సీమలో రెండో జవాబు లేదు.

సూది

జట్టు వెంట నేను వెళ్లనన్నాను. పైఅధికారి ఇంకొకరిని మేనేజర్‌గా పంపాడు. కానీ ఇంట్లో కూర్చోలేకపోయాను. నా టికెట్ నేనే కొనుక్కుని బస్సెక్కాను.

వార్మప్ జరిగే చోట ఓబులేసు గెంతుతూ కనిపించాడు. రెండు కాళ్ల మీదా సమానంగా గెంతుతున్నాడు. దగ్గరికి పోయి ఎడమ మోకాలు ఒత్తి చూశాను.

"నొప్పి ల్యాదు సార్, సుద్ధంగా ల్యాదు. శేషన్న సూది ఏపిచ్చినాడు."

"ఏ డాక్టర్?"

"డాక్టరు కాదు. మా ఎద్దులకు వస్తాడే కాంపౌండరు, ఆయప్పే. ఎద్దుకేసేదే, రోంత తగ్గిచ్చి ఏసినాడంట." వాడికి అది నవ్వులాటగా ఉంది. "ఇంగ అంబా అంటానేమో సార్."

జట్టు మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. కుర్రాడు బాగున్నానంటున్నాడు కదా అన్నాడు. నిర్వాహకులు ఆయన చెబితేనే తీసేస్తామన్నారు. తండ్రి హాల్ బయట చెప్పులు విడిచి కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే, చూడలేను సార్, మీరే చూసి చెప్పండి అన్నాడు.

బరువును ఒక్క ఊపున తల పైకి లేపే స్నాచ్‌లో ఓబులేసు అందరికంటే ముందున్నాడు. ఛాతీ మీద ఆపి పైకి విసిరే క్లీన్ అండ్ జెర్క్‌లో ఆఖరి బరువు. నేల నుంచి ఛాతీ మీదికి తెచ్చాడు. లేచి నిలబడేటప్పుడు ఎడమ మోకాలు లోపలికి ఒంగి మళ్లీ నిలిచింది. నాకు కనిపించింది. వాడికి తెలియలేదు, తెలిపే సాక్షి నోరు సూదితో మూసేశారు కదా. జనం మధ్యలోంచి లేచి "దించు" అని అరిచాను. వాడికి నా గొంతు తెలుసు. ఆ గొంతు విని బార్ వదిలేయడం రోజూ నేర్పించాను. వాడు నా వైపు చూశాడు. తర్వాత ముందు వరసలో కూర్చున్న శేషన్నను చూశాడు. పైకి విసరడానికి మోకాళ్లు వంచాడు.

ఆ చప్పుడు వెనక వరసల దాకా వినిపించింది.

ఆపరేషన్ జరిగింది. పట్టీని కుట్టారుగానీ దానికి చీము పట్టింది, మళ్లీ కోశారు. కాలు పూర్తిగా మడవడం రాలేదు. ఆసుపత్రిలో ఒకసారి అడిగాను, నా మాట వినపడలేదా అని.

"ఇనపడింది సార్."

"మరి?"

"దించితే ఊర్లోకి ఎట్ల పొయ్యేది?"

శేషన్న రోజూ వచ్చేవాడు. ఖర్చంతా పెట్టుకున్నాడు. మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆ కన్నీళ్లు దొంగవని నేను అనను. దొంగ కన్నీళ్లయితే పోరాటం సులువుగా ఉండేది. ప్రేమతోనే పిల్లల కాళ్లు విరగ్గొట్టే మనుషులతో మీరు వేగాలి. కాంపౌండర్ మీద నేను ఫిర్యాదు చేశాను. సూది వేసినట్టు ఎవరూ చెప్పలేదు. ఓబులేసు కూడా చెప్పలేదు.

కాడి

రిటైరయ్యాక ఒకసారి కోయిలకుంట్ల వైపు బండలాగుడుకు వెళ్లాను. నాకు ఆ పందేలంటే గిట్టదు. పాత శిష్యుడొకడు మోటర్ సైకిల్ మీద తీసుకుపోయాడు. శేషన్న జత బరిలో ఉంది. వాటి పక్కన పరుగెత్తలేక, గీతకు ఇవతల ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తున్న మనిషి ఓబులేసు. శేషన్న కొట్టంలో ఎద్దుల బాగోగులు చూసేది వాడేనని శిష్యుడు చెప్పాడు.

జత బాగా లాగుతోంది. మైకులో అరుపులు, డప్పులు. బండ గెలుపు గీత వైపు పోతోంది. ఉన్నట్టుండి ఓబులేసు చేతికర్ర పారేసి బరిలోకి దిగాడు. ఎద్దుల ముందుకు పోయి రెండు చేతులతో కాడి పట్టుకున్నాడు.

"దించండప్పా. కాడి దించండి."

"ఎద్దులు బాగుండాయి కదరా కుంటోడా, పక్కకు పో" అని ఎవరో అరిచారు. మట్టి గడ్డ ఒకటి వచ్చి వాడి వీపుకు తగిలింది. వాడు కాడి వదల్లేదు. చూసే కళ్లకు ఎద్దులు నిజంగా బాగానే ఉన్నాయి.

శేషన్న వేదిక మీద లేచి నిలబడ్డాడు. ముసలివాడయ్యాడు. ఆపమని తువ్వాలు పైకెత్తి ఊపాడు. కాడి దించారు.

నేను బరిలోకి పోయాను. ఓబులేసు నన్ను గుర్తుపట్టి, మొదట సిగ్గుపడ్డాడు.

"ఏ కాలురా? నాకేం కనపడలేదు."

"నాకూ శానాసేపు కనపడల్యా సార్. కుడిపక్క దానికి పొద్దున సూది ఏసినారు. సూది ఏసినంక అది చెప్పదు కదా. అందుకే దాన్నే సూస్తా ఉన్న్యా. ఇప్పుడు ముంగాలు రోంత లోపలికి ఒంగింది."

శేషన్న దిగి వచ్చాడు. నాకు నమస్కారం పెట్టి, ఎద్దు ముందు కూర్చుని దాని ముంగాలు పైనుంచి కిందికి ఒత్తి చూశాడు. ఒకచోట చేయి ఆగింది. ఓబులేసు మంచి కాలి మీద బరువు వేసుకుని నిలబడ్డాడు.  వాదన నా నాలుక చివర ఉంది. దాన్ని వినవలసినవాడు అప్పటికే విన్నాడు.

"తోలుకపో" అన్నాడు శేషన్న, తల ఎత్తకుండా. "ఈ సీజనుకు ఇంగ దీన్ని కట్టొద్దు."

ఓబులేసు ఎద్దును తోలుకుని పోయాడు.

బాగా మేపి, విశ్రాంతి ఇచ్చారట. ఉగాదికి అది మళ్లీ బండ లాగిందని విన్నాను.